చేనేత చీరల పేజీకి షీట్‌లో పోస్టుల క్యాలెండర్: తరచుగా అడిగే ప్రశ్నలు

చేనేత చీరలు అమ్మే చిన్న షాపులవాళ్లకి, ఇంటి నుంచే అమ్ముకునే ఆడవాళ్లకి, నేత కుటుంబాల్లో చదువుకున్న పిల్లలకి సోషల్ మీడియా పోస్టులు ముందుగా రాసిపెట్టుకోవడం నేర్పుతుంటాను. మంగళగిరిలో అడిగిన సందేహమే పోచంపల్లిలోనూ అడుగుతారు, పోయిన నెల ఫోన్లో చెప్పిందే ఈ నెల మళ్లీ చెప్పాల్సి వస్తోంది. అందుకే ఆ ప్రశ్నలన్నీ వాళ్లు అడిగిన మాటల్లోనే ఇక్కడ పెట్టాను. గూగుల్ షీట్స్‌ని దృష్టిలో పెట్టుకుని రాశాను. ఎక్సెల్ వాడేవాళ్లకి మెనూ పేర్లు కొద్దిగా మారతాయి, పద్ధతి అదే. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

రోజూ ఏదో ఒకటి పెడుతూనే ఉన్నాను కదండీ, మళ్లీ షీట్ ఎందుకు?

మీ పేజీని ఒక్కసారి మూడు నెలలు వెనక్కి తిప్పి చూడండి. మడతపెట్టిన చీర ఫోటో, ధర, "కావాలంటే మెసేజ్ చేయండి" అన్న ఒక్క మాట, అదే వరసగా కనిపిస్తుంది. పండుగ నాలుగు రోజుల్లో ఉందనగా హడావుడిగా పెట్టిన పోస్టులు ఉంటాయి. ఆ చీర చూసి ముచ్చటపడ్డ ఆవిడకి అది పండుగలోపు చేరదు.

మిల్లు గుడ్డలా చేనేత చీర అడిగిన మర్నాడు రాదు. శ్రావణ శుక్రవారం కట్టుకునే చీరని ఆషాఢంలోనే చూపించాలి. ఆషాఢంలో చూపించాలంటే అంతకు ముందే పడుగు (చీర నిలువు పోగులు) మగ్గం ఎక్కి ఉండాలి. పండుగ ఎప్పుడు, చూపించేది ఎప్పుడు, నేయించేది ఎప్పుడు అన్న ఈ మూడు తేదీలూ ఏ ఒక్కరి బుర్రలోనూ ఏడాది పొడుగునా నిలవవు. షీట్ వాటిని ఒకచోట కనిపించేలా చేస్తుంది. నేను షీట్ పెట్టమనేది ముఖ్యంగా ఇందుకే. రోజూ పోస్ట్ పెట్టించడానికి కాదు.

పోస్టులు షెడ్యూల్ చేసే యాప్‌లు ఉన్నాయి కదా, షీటే కావాలా?

రెండూ వేరు పనులు. మెటా బిజినెస్ సూట్‌లో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పోస్టులని డబ్బులేమీ కట్టకుండానే ముందు తేదీకి పెట్టుకోవచ్చు, తప్పకుండా వాడండి. కానీ ఆ చీర షాపులో ఉందో అమ్ముడైపోయిందో, ఏ మగ్గం మీద నుంచి వచ్చిందో, ధర ఎంత అనుకున్నారో దానికి తెలియదు. ఆలోచించుకోవడం, ఇంట్లోవాళ్లతో మాట్లాడుకోవడం షీట్‌లో జరగాలి. ఖాయమైన పోస్ట్ మాత్రమే షెడ్యూలింగ్‌కి వెళ్లాలి.

నాకు ఎక్సెల్ రాదు. ముందు కోర్సు చేయాలా?

అక్కర్లేదు. గడిలో రాయడం, వరుస చేర్చడం, తేదీ ప్రకారం సర్దడం, ఫిల్టర్ పెట్టడం తెలిస్తే చాలు. షాపు ఖాతా పుస్తకం రాసేవాళ్లకి ఇది ఒక పూట పని.

## షీట్ తయారుచేసేటప్పుడు

ఏయే కాలమ్స్ పెట్టాలి? ఇంటర్నెట్‌లో దొరికినవాటిలో ఇరవై ఉంటున్నాయి.

ఇరవై కాలమ్స్ ఉన్న షీట్ రెండో వారానికే మూలపడుతుంది. నేను ఎనిమిదితో మొదలుపెట్టమంటాను: తేదీ, ఏ వారం, ఎక్కడ పెడుతున్నాం, చీర నంబర్, ఏం చెబుతున్నాం, క్యాప్షన్, ఫోటో లింకు, స్థితి. ఎవరు పెడతారో రాసే కాలమ్ ఇద్దరు ముగ్గురు కలిసి పనిచేసేచోటే కావాలి. పై వరుసని వ్యూ మెనూలో ఫ్రీజ్ చేస్తే కిందికి వెళ్లినా కాలమ్ పేర్లు కనిపిస్తూనే ఉంటాయి.

వీటిలో ఏ కాలమ్ తీసేసినా ఫర్వాలేదు కానీ చీర నంబర్ తీయకండి. బయట దొరికే నమూనా షీట్లలో ఇది ఉండదు, ఎందుకంటే అవి ఒకేరకం సరుకు వందల్లో అమ్మేవాళ్ల కోసం చేసినవి. మనది ఒక్కో రంగులో ఒక్క చీరే ఉండే వ్యాపారం. మొదటి ఏడాది మేము పొద్దున షాపులో అమ్మేసిన ఆకుపచ్చ చీరని సాయంత్రం పేజీలో పెట్టాం. రాత్రి పదింటిదాకా ఫోన్లు. ఒక్కొక్కరికీ "అయిపోయిందండీ" అని చెప్పాల్సి వచ్చింది, అందులో కొందరు మళ్లీ మమ్మల్ని అడగనే లేదు. మర్నాటి నుంచి ప్రతి చీరకీ చిన్న చీటీ మీద నంబర్ రాసి పిన్ను పెట్టడం మొదలుపెట్టాం. అదే నంబర్ షీట్‌లో, ఫోటో పేరులో, బిల్లులో ఉంటుంది. చీర అమ్ముడవగానే షాపులో ఉన్నవాళ్లు షీట్‌లో ఆ నంబర్ వెతికి స్థితి మార్చేస్తారు.

నేను 8/9 అని కొడితే సెప్టెంబరు 8 బదులు ఆగస్టు 9 అయిపోతోంది. ఎందుకలా?

మీ షీట్ అమెరికా పద్ధతిలో ఉంది. అక్కడ నెల ముందు, తేదీ తర్వాత రాస్తారు. ఫైల్ మెనూలో సెట్టింగ్స్ తెరిచి, లొకేల్ దగ్గర ఇండియా ఎంచుకోండి, పక్కనే టైమ్ జోన్ కూడా సరిచూసుకోండి. ఇప్పటికే తప్పుగా పడిన తేదీలు వాటంతట అవి సరికావు, మళ్లీ కొట్టాలి. షీట్ తెరిచిన మొదటిరోజే ఈ పని చేసేయండి, నూరు వరుసలు నిండాక చేయడం చాలా కష్టం.

ఇంకో సంగతి. తేదీ గడిలో "సెప్టెంబరు 8" అని తెలుగులో రాస్తే షీట్ దాన్ని మామూలు మాటగానే చూస్తుంది, తేదీ ప్రకారం సర్దేటప్పుడు అది ఎక్కడికో పోతుంది. తేదీ అంకెల్లోనే ఉండనివ్వండి, తెలుగులో రాయాలనిపిస్తే పక్క కాలమ్ వాడండి.

స్థితి కాలమ్‌లో ఒకరు "అయింది" అంటారు, ఒకరు "పెట్టేశా" అంటారు. ఫిల్టర్ పనిచేయట్లేదు.

అక్కడ చేత్తో రాయనివ్వకండి. ఆ కాలమ్ మొత్తం ఎంచుకుని ఇన్సర్ట్ మెనూలో డ్రాప్‌డౌన్ పెట్టండి. మాకు సరిపోయిన మాటలు ఇవి: అనుకున్నాం, ఫోటో కావాలి, సిద్ధం, పెట్టాం, చీర అమ్ముడైంది, ఆపాం. ఒక్కోదానికి ఒక్కో రంగు అక్కడే ఇవ్వొచ్చు. "చీర అమ్ముడైంది"కి ఎరుపు ఇవ్వండి, దూరం నుంచి కూడా కనిపించాలి.

ఒకే చీరని ఇన్‌స్టాగ్రామ్‌లో, ఫేస్‌బుక్‌లో, వాట్సాప్‌లో పెడతాం. ఒక వరుసా, మూడా?

మూడు. ఒక వరుసలో మూడూ ఇరికిస్తే ఒకచోట పెట్టి రెండుచోట్ల మర్చిపోయినప్పుడు స్థితి ఏమని రాస్తారు? పైగా మాటలూ మారతాయి. వాట్సాప్ స్టేటస్ 24 గంటల్లో పోతుంది కాబట్టి అక్కడ ధర, నంబర్ క్లుప్తంగా చాలు. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందికి మించి ఉండరు, అదీ మీ నంబర్ తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. వాళ్లు మీకు బాగా తెలిసినవాళ్లు, వాళ్లకి రాసే మాట పేరు పెట్టి పలకరించినట్టుండాలి.

## తేదీలు, పండుగలు

పోయినేడాది షీట్ కాపీ చేసి సంవత్సరం మార్చేస్తే సరిపోదా?

సరిపోదు. అలా చేసి దెబ్బతిన్నవాళ్లని చాలామందిని చూశాను. సంక్రాంతి జనవరి 14, 15 దాటి పెద్దగా కదలదు. మిగిలిన మన పండుగలన్నీ తిథి ప్రకారం నడుస్తాయి. ఉగాది 2025లో మార్చి 30న వచ్చింది, 2026లో మార్చి 19న. వినాయక చవితి 2025లో ఆగస్టు 27, 2026లో సెప్టెంబరు 14. దీపావళి 2025లో అక్టోబరు 20, 2026లో నవంబరు 8.

ఉగాది ముందుకొచ్చిన ఏడాదే చవితి, దీపావళి వెనక్కి వెళ్లడం చూసి చాలామంది తికమకపడతారు. మధ్యలో అధిక మాసం రావడమే కారణం. 2026లో మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం. ఆ నెలలో పెళ్లిళ్లు పెట్టుకోరు. చీరల వ్యాపారానికి ఇంతకన్నా ముఖ్యమైన సమాచారం ఇంకోటి ఉండదు. పెళ్లి పట్టుచీరల పోస్టులు మామూలుగా వేసవిలో కుమ్మరిస్తాం, ఆ ఏడాది వాటిని మే మధ్యకి ముందే ముగించుకోవాలి. తర్వాత నిజ జ్యేష్ఠం ఒక్క నెల, మళ్లీ జూలై 15 నుంచి ఆషాఢం. శ్రావణం ఆగస్టు 13కి గానీ మొదలవదు.

కాబట్టి కొత్త షీట్ మొదలుపెట్టేముందు పంచాంగం పక్కన పెట్టుకోండి. విడిగా ఒక ట్యాబ్ తెరిచి మాసాల మొదలు, చివర, పెద్ద పండుగలు, మీ ఊరి జాతర, పెళ్లి ముహూర్తాలు ఉన్న రోజులు ముందు రాసేయండి. తెలంగాణ కస్టమర్లు ఉంటే బతుకమ్మ తొమ్మిది రోజులూ వరుసగా వేయండి, సద్దుల బతుకమ్మ ఒక్కరోజే వేసి వదిలేయకండి. పండుగ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టి, చీర మొదటిసారి చూపించే రోజు గుర్తు పెట్టుకోండి. కొరియర్‌కి, బ్లౌజు కుట్టించుకోవడానికి కలిపి కనీసం మూడు వారాలు వదలమని నా సలహా.

ఆషాఢంలో పెద్ద షాపులన్నీ డిస్కౌంట్లు పెడతాయి. మేమూ పెట్టాలా?

ఇది మీ వ్యాపార నిర్ణయం, కానీ నా అభిప్రాయం అడిగితే వద్దంటాను. పెద్ద షోరూముతో ధర దగ్గర పోటీపడితే ఆ తగ్గింపు చివరికి నేతన్న కూలి మీదే పడుతుంది. మీ దగ్గర చీర కొనేవాళ్లు ఏడాదికి ఒకసారి తగ్గిస్తారని అలవాటుపడితే మిగతా పదకొండు నెలలూ ఆగుతారు.

ఆ నెల షీట్‌ని వేరేగా నింపండి. వానలకి గుంట మగ్గాల గోతుల్లో చెమ్మ చేరుతుంది, గంజి పెట్టిన పడుగుని వీధిలో ఆరబెట్టడానికి ఎండ ఉండదు. శ్రావణానికి గిరాకీ పెరగబోతున్న రోజుల్లోనే నేత నెమ్మదిస్తుంది. ఇది కొనేవాళ్లలో చాలామందికి తెలియదు. ఉన్నదున్నట్టు చెప్పండి: ఈ పడుగు మీద ఇన్ని చీరలే వస్తాయి, వాన వల్ల ఇన్ని రోజులు పడుతుంది, ఇప్పుడు చెబితే ఫలానా రంగులో నేయిస్తాం. నిజమైన ఆలస్యాన్ని ముందే చెప్పినందుకు మాకు ఎవరూ కోప్పడలేదు.

ఆగస్టు 7న ఏం పెట్టాలి?

అది జాతీయ చేనేత దినోత్సవం. 1905లో అదే తేదీన కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైంది, దానికి గుర్తుగా 2015 నుంచి జరుపుతున్నారు. ఆ రోజు అందరూ శుభాకాంక్షల బొమ్మ పెడతారు, దానివల్ల మీకు ఒరిగేదేమీ ఉండదు. మీకు నేసే ఇంట్లో ఆ వారం ఏ పని జరుగుతోందో రెండు రోజుల ముందే వెళ్లి చిన్న వీడియో తీసుకోండి. అందుకని షీట్‌లో ఆగస్టు 7 వరుసతో పాటు ఆగస్టు 5కి "వీడియో తీయాలి" అని ఇంకో వరుస ఉండాలి.

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఎక్కువగా కొంటారు. ఏ టైమ్‌కి పెట్టాలి?

డాలస్ వైపు వాళ్లకి రాత్రి 8 గంటలంటే మనకి మర్నాడు పొద్దున 6:30. శీతాకాలంలో అయితే 7:30, ఎందుకంటే అక్కడ నవంబరు మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, మళ్లీ మార్చి రెండో ఆదివారం ముందుకి తిప్పుతారు. షీట్‌లో మన టైమ్ మాత్రమే రాయండి, రెండు టైములు రాస్తే ఎవరో ఒకరు పొరపడతారు. తిథి అక్కడి సూర్యోదయాన్ని బట్టి మారుతుంది కాబట్టి కొన్ని పండుగలు వాళ్లకి ఒకరోజు ముందే వస్తాయి. శుభాకాంక్షల్లో "ఈరోజు" అనకుండా పండుగ పేరు చెప్పండి, ఇద్దరికీ సరిపోతుంది.

ఖాళీ గడులు చూస్తే టెన్షన్‌గా ఉంటోంది. నెలంతా నింపేయాలా?

వద్దు. వారానికి మూడు ఖాయంగా రాసుకుని మిగతావి వదిలేయండి. మగ్గం మీద నుంచి కొత్త చీర కోసుకొచ్చినప్పుడు దానికి చోటు కావాలి. గడి ఖాళీగా ఉందని సరుకు లేని చీర ఫోటో వెతికి పెట్టడం కన్నా ఆ రోజు ఊరుకోవడం మేలు.

## ఫోటోలు, క్యాప్షన్లు

చీర, ధర కాకుండా రోజూ చెప్పడానికి ఏముంటుంది?

ఈ ప్రశ్న విన్నప్పుడల్లా నాకు ఆశ్చర్యమేస్తుంది, ఎందుకంటే అడిగేవాళ్ల ఇంటి పక్కనే మగ్గం చప్పుడు వినిపిస్తుంటుంది. మీరు రోజూ చూసేది కాబట్టి అది చెప్పదగ్గ విషయమని తోచదు.

మంగళగిరి చీర ఒళ్లంతా సాదాగా ఉండి అందమంతా జరీ అంచులో ఎందుకుంటుందో చెప్పండి, నిజాం అంచుని దగ్గరగా ఫోటో తీసి చూపించండి. పోచంపల్లి అయితే నేయకముందే పోగులకి చిటికి కట్టి (డిజైన్ ప్రకారం దారంతో బిగించి) రంగుల్లో ముంచుతారనీ, అందుకే డిజైన్ అంచులు కాస్త చెదిరినట్టుంటాయనీ చెప్పండి. అది లోపం కాదని తెలిశాక తిరిగి పంపేవాళ్లు తగ్గుతారు. ఆసు పోయడమనే, నేతకి ముందు పోగుల్ని చేత్తో మేకుల చుట్టూ తిప్పే, చేతులు పడిపోయే పనిని చింతకింది మల్లేశం తన తల్లి కష్టం చూసి యంత్రానికి అప్పగించారు, 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం మీ ఊళ్లో నడుస్తుంటే అదొక పోస్ట్. గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు అంచు ఎలా కలుస్తుందో, ఉప్పాడ జాందానీలో ఒక్కో బుటాకి విడిగా దారం చేత్తో ఎలా చొప్పిస్తారో చూపించడానికి ఒక్కో వీడియో సరిపోదు. ఇక చీర ఉతకడం, మడత మార్చడం, జరీ నల్లబడకుండా దాచడం గురించి మీ అమ్మగారు చెప్పే మాటలు ఉండనే ఉన్నాయి.

వీటిని షీట్‌లో తేదీ లేకుండా "ఎప్పుడైనా" అన్న ట్యాబ్‌లో రాసుకుంటూ పోండి. రాసే మాటకి ఆధారం ఉండాలి. అసలు పట్టుకి ఇచ్చే సిల్క్ మార్క్, చేనేతకి ఇచ్చే హ్యాండ్లూమ్ మార్క్ చీటీ లేని చీరకి ఉన్నట్టు రాయకండి. మరమగ్గం గుడ్డని చేనేత అని ఒక్కసారి రాసినా మీ పేజీలోని అసలు చేనేత చీరలన్నిటినీ జనం అనుమానంగా చూస్తారు.

షీట్‌లో రాసిన క్యాప్షన్ కాపీ చేస్తే ముందూ వెనకా కొటేషన్ గుర్తులు వస్తున్నాయి.

గడిలో ఒకటికన్నా ఎక్కువ లైన్లు ఉన్నప్పుడు గడి మొత్తాన్ని కాపీ చేస్తే అలా వస్తాయి. గడి మీద రెండుసార్లు క్లిక్ చేసి లోపలికి వెళ్లి, మాటలని మాత్రమే ఎంచుకుని కాపీ చేయండి. లోపల కొత్త లైను కావాలంటే ఆల్ట్ పట్టుకుని ఎంటర్ నొక్కాలి. ఫోన్ నంబర్ ఉండే గడికి ఫార్మాట్ మెనూలో ప్లెయిన్ టెక్స్ట్ పెట్టండి, లేకపోతే ముందున్న సున్నా మాయమవుతుంది.

అక్షరాలు లెక్కపెట్టే ఫంక్షన్ తెలుగుకి తప్పు చూపిస్తోందా?

తప్పు కాదు, అది లెక్కపెట్టే పద్ధతి వేరు. "స్త్రీ" మన కంటికి ఒక్క అక్షరం, లెన్ ఫంక్షన్‌కి ఆరు: స, త, ర, రెండు పొల్లు గుర్తులు, ఒక గుడి దీర్ఘం. ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్ హద్దు 2,200, మీరు అంత రాయరు కాబట్టి భయం లేదు. మొదటి రెండు లైన్లు మాత్రమే ముందు కనిపిస్తాయి, చీర పేరు, ధర అందులోనే రానివ్వండి.

ఫోటోలు షీట్‌లోనే అతికించేయొచ్చా?

అతికిస్తే ఫోన్లో షీట్ తెరుచుకోవడానికే నిమిషాలు పడుతుంది. డ్రైవ్‌లో పెట్టి లింకు ఇవ్వండి, ఫైలు పేరు చీర నంబరే ఉండాలి.

నేతన్నల ఫోటోలు, వాళ్ల ఇళ్లు పెట్టొచ్చా?

అడిగి పెట్టండి. ఊరికే "ఫోటో తీసుకోనా?" అని కాదు, ఎక్కడ పెడతారో, ఎవరెవరు చూస్తారో ఫోన్లో చూపించి అడగండి. షీట్‌లో "ఒప్పుకున్నారు" అని తేదీతో ఒక గడి ఉంచండి. కొందరు చేతులు, మగ్గం చూపించమంటారు, ముఖం వద్దంటారు. ఆ మాట కూడా అక్కడే రాయాలి, ఎందుకంటే ఆర్నెల్ల తర్వాత ఆ ఫోటో మళ్లీ వాడేది మీరు కాకపోవచ్చు.

## రోజూ నడిపేటప్పుడు

మా ఆడపడుచు, నేను, షాపులో అబ్బాయి ముగ్గురం రాస్తాం. ఎవరో ఒక వారం మొత్తం చెరిపేశారు.

పోయిందేమీ లేదు. కంప్యూటర్లో ఫైల్ మెనూలో వెర్షన్ హిస్టరీ తెరిస్తే ఏ రోజు షీట్ ఎలా ఉందో కనిపిస్తుంది, పాతదాన్ని తిరిగి తెచ్చుకోవచ్చు. ఎవరు చెరిపారో కూడా కనిపిస్తుంది. దాని కోసం ఇంట్లో పంచాయితీ పెట్టకండి, ఫోన్లో వేలు తగిలి జరిగేదే ఎక్కువ. తేదీలు, చీర నంబర్ల కాలమ్స్‌ని డేటా మెనూలో ప్రొటెక్ట్ చేసి, షాపు అబ్బాయికి స్థితి కాలమ్ ఒక్కటి మార్చే వీలు ఉంచండి.

షెడ్యూల్ చేశాక ఏదైనా ఘోరం జరిగితే?

ఆపేయాలి, వెంటనే. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరద విజయవాడని ముంచినప్పుడు జనం మంచినీళ్ల కోసం ఎదురుచూస్తున్న గంటల్లో ఫోన్లో చవితి ఆఫర్ల పోస్టులు వస్తూనే ఉన్నాయి. పెట్టినవాళ్లు చెడ్డవాళ్లు కాదు, ముందే షెడ్యూల్ చేసి మర్చిపోయారు. అందుకే షీట్ పైవరుసలో "ఆపే బాధ్యత" అని ఒక మనిషి పేరు, ఆ మనిషి అందుబాటులో లేకపోతే ఇంకొకరి పేరు రాసి ఉంచండి. ఇద్దరి ఫోన్లలోనూ పేజీ లాగిన్ ఉండాలి.

## నెల తిరిగాక

లైకులు బాగానే వస్తున్నాయి, చీరలు కదలట్లేదు. షీట్‌లో ఏం చూడాలి?

లైకుల కాలమ్ తీసేసి రెండు పెట్టండి: ఎంతమంది అడిగారు, చీర అమ్ముడైందా. అడిగినవాళ్లు చాలామంది ఉండి కొనకపోతే ధర దగ్గరో, రంగు ఫోటోలో ఒకలా చేతిలో ఒకలా ఉండటం దగ్గరో ఇబ్బంది ఉంది. అసలు అడిగినవాళ్లే లేకపోతే పెట్టిన వేళనీ మొదటి ఫోటోనీ మార్చి చూడండి.

ఏడాది అయిపోయింది, పాత షీట్ తీసేయనా?

ఉంచండి, కానీ తీసి పక్కన పెట్టేముందు దానికి "మాసం" అని ఒక కాలమ్ చేర్చి చైత్రం, వైశాఖం అని నింపండి. వచ్చే ఏడాది ఆగస్టుని ఈ ఏడాది ఆగస్టుతో పోలిస్తే ఏమీ తేలదు, ఒకదాంట్లో నెల మొదట్లోనే శ్రావణం నడుస్తుంటుంది, ఇంకోదాంట్లో అప్పటికింకా ఆషాఢమే ఉంటుంది. మాసం ప్రకారం ఫిల్టర్ పెడితే శ్రావణంలో ఏ రంగులు ఎన్ని వెళ్లాయో సరిగ్గా కనిపిస్తుంది. ఆ జాబితా తీసుకుని మాఘంలోనే నేతన్న దగ్గరికి వెళ్లి రంగులు చెప్పి రావచ్చు.